సున్నా బై సున్నా ఎలా తేలుతుంది: లోపితాల్ నియమం పనిచేసే తీరు, పనిచేయని చోట్లు

లిమిట్ లెక్కలో ఎక్స్ విలువ నేరుగా పెట్టి చూడగానే 0/0 వచ్చిందంటే చాలామంది చేతులు వాటంతటవే కదులుతాయి: పైన డెరివేటివ్, కింద డెరివేటివ్, మళ్ళీ విలువ పెట్టు, జవాబు రాయి. ఈఏపీసెట్, జేఈఈ కోచింగుల్లో దీన్ని గబగబా చెప్పేసి ముందుకెళ్ళిపోతారు, ఎందుకంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. దాన్ని నేను తప్పుపట్టను, టైము చాలని పరీక్షలో అది నిజంగా ఆదుకుంటుంది. కానీ ఇదే పద్ధతి తప్పు జవాబు ఇచ్చే లెక్కలున్నాయి, ఎన్నిసార్లు వాడినా మొదటికే వచ్చే లెక్కలున్నాయి, లిమిట్ ఉండి కూడా లేదేమో అనిపించే లెక్కలున్నాయి. ఇవన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిన మినహాయింపులు కావు. నియమం ఎందుకు పనిచేస్తుందో అర్థమైతే, ఎక్కడ పనిచేయదో కూడా ఆ అర్థంలోంచే బయటికొస్తుంది. మన క్లాసుల్లో ఎల్-హాస్పిటల్ రూల్ అంటాం, ఫ్రెంచివాళ్ళు పలికేది లోపితాల్ అని. నేనూ అలాగే రాస్తున్నాను.

(రాతలో వాడే గుర్తులు: ^ అంటే ఘాతం. లాగ్ అంటే సహజ సంవర్గమానం, అంటే 2.718 విలువ గల ‘ఈ’ ఆధారంగా తీసుకున్నది. కోణాలన్నీ రేడియన్లలో.)

ముందు 0/0 సంగతి. ఎక్స్ సున్నాకు దగ్గరవుతున్నప్పుడు ఈ మూడు భిన్నాలు చూడండి: ఎక్స్²/ఎక్స్, 5ఎక్స్/ఎక్స్, ఎక్స్/ఎక్స్³. మూడింటిలోనూ సున్నా పెడితే 0/0 యే వస్తుంది. కానీ మొదటిది సున్నాకు పోతుంది, రెండోది ఎప్పుడూ 5, మూడోది హద్దు లేకుండా పెరుగుతుంది. అంటే 0/0 అని రాగానే మనకు తెలిసింది జవాబు కాదు, లవం, హారం రెండూ చిక్కిపోతున్నాయన్న సమాచారం మాత్రమే. ఏది ఎంత వేగంగా చిక్కిపోతోంది అన్నది ఇంకా తెలియలేదు. అందుకే దీన్ని అనిశ్చిత రూపం అన్నారు. అదే 3/0 వచ్చిందనుకోండి, అక్కడ అనిశ్చితి లేదు: పైన 3 నిలకడగా ఉంది, కింద చిక్కిపోతోంది, కాబట్టి భిన్నం పరిమాణం పెరిగిపోతుంది, చూసుకోవాల్సింది గుర్తు ప్లస్సా మైనస్సా అన్నదొక్కటే. 0/3 అయితే జవాబు సున్నా, మాట్లాడేదే లేదు.

సున్నాకు బాగా దగ్గరి విలువ ఒకటి పెట్టి కంప్యూటర్‌ని అడిగితే సరిపోదా అని అనిపించవచ్చు. (1 − కాస్ ఎక్స్)/ఎక్స్² తీసుకుని పైథాన్‌లో ఎక్స్ = 0.1 పెడితే 0.4996 దాకా వస్తుంది, బాగానే ఉంది, జవాబు సగానికి దగ్గరవుతోందని తెలుస్తుంది. ఇంకా దగ్గరికెళ్దామని 0.000000001 పెడితే వచ్చేది 0.0. ఎందుకంటే అంత చిన్న కోణానికి కాస్ విలువ 1కి ఎంత దగ్గరగా ఉంటుందంటే, మామూలుగా వాడే 16 అంకెల లెక్కలో అది అచ్చంగా 1 అయిపోతుంది, లవం చచ్చిపోతుంది. అసలు లిమిట్ 1/2. దగ్గరికెళ్ళేకొద్దీ మంచి జవాబు రావాలన్న మన ఊహే ఇక్కడ తిరగబడింది, అందుకే కాగితం మీద తేల్చే పద్ధతి కావాలి.

మేడ మీద రెండు నీళ్ళ ట్యాంకులున్నాయనుకోండి, కుళాయిలు తిప్పి వదిలేస్తే రెండూ సరిగ్గా పది గంటలకు ఖాళీ అవుతాయి. చివరి నిమిషాల్లో మొదటిదాంట్లోంచి నిమిషానికి 6 లీటర్లు, రెండోదాంట్లోంచి 2 లీటర్లు పోతున్నాయి. పదికి నిమిషం ముందు మిగిలిన నీళ్ళు 6 లీటర్లు, 2 లీటర్లు, నిష్పత్తి 3. సెకను ముందు 100 మిల్లీలీటర్లు, 33 మిల్లీలీటర్ల పైచిల్లర, నిష్పత్తి మళ్ళీ 3. పది గంటలకు రెండూ సున్నా, నీళ్ళ నిష్పత్తి అడగడానికి అక్కడ నీళ్ళే లేవు, అయినా నిష్పత్తి వెళ్తున్న చోటు 3 అని స్పష్టంగా తెలుస్తోంది. ఆ 3 ఎక్కడిది? ధారల నిష్పత్తి, 6/2. ధార ఉదయం నుంచి మారుతూ వచ్చినా ఫర్వాలేదు, ఖాళీ అయ్యే క్షణంలో ధార ఎంత అన్నదే లెక్క. లోపితాల్ నియమం ఇంతే. రెండు ప్రమేయాలూ ఒకే చోట సున్నా అవుతుంటే, వాటి విలువల నిష్పత్తి అక్కడి మార్పు రేట్ల నిష్పత్తికే చేరుతుంది, మార్పు రేటు అంటే డెరివేటివ్.

ఈ బొమ్మలోనే నియమం మొదటి షరతు కూడా ఉంది. రెండు ట్యాంకులూ ఒకేసారి ఖాళీ కావాలి. మొదటిదాంట్లో పది గంటలకు ఇంకా 40 లీటర్లు మిగిలి ఉంటే, మిగిలిన నీళ్ళ నిష్పత్తికీ ధారల నిష్పత్తికీ ఏ సంబంధమూ ఉండదు. (ఎక్స్² + 1)/(ఎక్స్ + 2) లో ఎక్స్ 1కి వెళ్తుంటే జవాబు 2/3, ఊరికే విలువ పెడితే వచ్చేస్తుంది. డెరివేటివ్‌లు తీసుకుంటే 2ఎక్స్/1, జవాబు 2. శుద్ధ తప్పు. నేను చూసినంతలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, అదీ మొదటి మెట్టులో కాదు, రెండోసారో మూడోసారో నియమం వాడేటప్పుడు. ఆ ఉదాహరణ కిందికి వస్తుంది.

ఇదే మాట గణితంలో చెప్పాలంటే, ఒక బిందువు దగ్గర నున్నటి వక్రరేఖను బాగా దగ్గరికి లాగి చూస్తే అది దాని స్పర్శరేఖలాగే కనిపిస్తుంది. ఎఫ్ అనే ప్రమేయం ‘ఏ’ దగ్గర సున్నా అయితే, ఆ చుట్టుపక్కల ఎఫ్ విలువ సుమారు (ఏ దగ్గర వాలు) × (ఎక్స్ − ఏ). ‘ఏ’ దగ్గరే సున్నా అయ్యే ఇంకో ప్రమేయం జి కూడా అంతే. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే (ఎక్స్ − ఏ) కొట్టుకుపోయి వాలుల నిష్పత్తి మిగులుతుంది. ఉదాహరణకి ఎక్స్ సున్నాకు వెళ్తున్నప్పుడు

లాగ్(1 + ఎక్స్) / (√(1 + ఎక్స్) − 1)

చూద్దాం. పైన డెరివేటివ్ 1/(1 + ఎక్స్), సున్నా దగ్గర 1. కింద డెరివేటివ్ 1/(2√(1 + ఎక్స్)), సున్నా దగ్గర 1/2. నిష్పత్తి 2. ఎక్స్ = 0.01 పెట్టి సరిచూస్తే 1.995 వస్తుంది, దారి సరైనదే. గమనించండి, లవాన్నీ హారాన్నీ వేరువేరుగా అవకలనం చేశాం. భిన్నం మొత్తానికి యు బై వి సూత్రం వేయడం వేరే పని, దానికీ దీనికీ సంబంధం లేదు. ట్యాంకులు గుర్తుంటే ఈ పొరపాటు రాదు, అక్కడ మనం పోల్చింది రెండు వేరు వేరు ధారలను.

ధారలు కూడా చివరి క్షణానికి సున్నాకే వస్తే? అప్పుడు ధారలు ఎంత వేగంగా తగ్గుతున్నాయో పోల్చాలి, అంటే రెండో డెరివేటివ్. ఇందాకటి (1 − కాస్ ఎక్స్)/ఎక్స్² అలాంటిదే: ఒకసారి చేస్తే (సైన్ ఎక్స్)/(2ఎక్స్), ఇంకా 0/0, మళ్ళీ చేస్తే (కాస్ ఎక్స్)/2, విలువ 1/2. పైథాన్ చెప్పలేకపోయిన జవాబు రెండు లైన్లలో వచ్చింది.

స్పర్శరేఖ వాదన అందంగానే ఉంటుంది కానీ పూర్తి రుజువు కాదు, ఎందుకంటే ‘ఏ’ దగ్గర జి వాలు సున్నా అయితే అది కుప్పకూలుతుంది. అసలు రుజువుకు కోషీ మధ్యమ మూల్య సిద్ధాంతం కావాలి. మామూలు లాగ్రాంజ్ సిద్ధాంతాన్ని (రెండు బిందువుల మధ్య ఎక్కడో ఒకచోట వక్రరేఖ వాలు సగటు వాలుకు సమానమవుతుందని చెప్పేది) ఎఫ్‌కీ జికీ విడివిడిగా వాడితే మధ్యలో రెండు వేరువేరు బిందువులు వస్తాయి, అవి పనికిరావు. కోషీ సిద్ధాంతం ఇచ్చే వరం ఏమిటంటే, రెండింటికీ సరిపోయే ఒకే బిందువు ‘సి’ ఉంటుంది, ‘ఏ’కీ ఎక్స్‌కీ మధ్యన, అక్కడ ఎఫ్/జి నిష్పత్తి అచ్చంగా డెరివేటివ్‌ల నిష్పత్తికి సమానం. సుమారుగా కాదు, అచ్చంగా. ఇక ఎక్స్ ‘ఏ’ వైపుకు జరుగుతుంటే మధ్యలో ఇరుక్కున్న సి కూడా అటే జరగాలి, కాబట్టి డెరివేటివ్‌ల నిష్పత్తికి లిమిట్ ఉంటే అసలు నిష్పత్తికీ అదే లిమిట్. రుజువంతా ఇదే. ఇందులో రెండు చోట్ల కళ్ళు పెట్టుకుని చూడాలి. ఒకటి, జి డెరివేటివ్ ‘ఏ’ చుట్టుపక్కల (‘ఏ’ దగ్గర తప్ప) సున్నా కాకూడదు, లేకపోతే ఆ భాగహారమే కుదరదు. రెండు, “లిమిట్ ఉంటే” అన్న మాట. నియమం ఒకవైపు రోడ్డు: డెరివేటివ్‌ల నిష్పత్తికి లిమిట్ ఉంటే అసలుదానికీ ఉంటుంది, అంతే తప్ప అక్కడ లేకపోతే ఇక్కడా లేదని అది ఎప్పుడూ చెప్పలేదు.

ఈ నియమానికి పేరు వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గది. గియోమ్ డి లోపితాల్ ఫ్రెంచి ప్రభు వంశీకుడు, గణితమంటే ప్రాణం. 1691–92లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి పారిస్ వచ్చిన యోహాన్ బెర్నూలీ అనే కుర్రాడి దగ్గర, అప్పటికి అతని వయసు 24, కొత్తగా పుట్టిన కాలిక్యులస్‌ను డబ్బిచ్చి నేర్చుకున్నాడు. బెర్నూలీ తిరిగి బాసెల్ వెళ్ళాక 1694 మార్చిలో లోపితాల్ ఒక ఉత్తరం రాశాడు: ఏడాదికి 300 లివ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇస్తాను, నేనడిగిన సమస్యల మీద పనిచేయి, నీ కొత్త ఫలితాలు నాకు పంపు, వేరెవరికీ చెప్పకు. బెర్నూలీ ఒప్పుకున్నాడు. ఆ ఏడాది జులైలోనే 0/0 తేల్చే ఉపాయం ఉత్తరంలో రాసి పంపాడు. 1696లో లోపితాల్ అచ్చువేసిన పుస్తకం అవకలన గణితానికి మొట్టమొదటి పాఠ్యపుస్తకం, అందులోనే ఈ నియమం లోకానికి తెలిసింది. పుస్తకం మీద రచయితగా తన పేరు వేసుకోలేదు, ముందుమాటలో బెర్నూలీ సోదరులకు రుణపడి ఉన్నానని రాశాడు. 1704లో లోపితాల్ చనిపోయాక బెర్నూలీ అది నాదేనని బయటికి చెప్పాడు, కానీ అన్నతోనే బహిరంగంగా తగవుపడ్డ మనిషి కావడంతో నమ్మినవాళ్ళు తక్కువ. రెండు వందల ఏళ్ళు దాటాక, 1920ల మొదట్లో, బాసెల్‌లో అతని పాత పాఠాల రాతప్రతి బయటపడింది, 1955లో ఆ ఉత్తరాలు అచ్చయ్యాయి, అప్పటికి గానీ అతని మాట నిజమని తేలలేదు. లోపితాల్‌ను దొంగ అనడం నాకు ఇష్టం లేదు, డబ్బిచ్చాడు, కృతజ్ఞత చెప్పాడు, అద్భుతమైన పుస్తకం ఇచ్చాడు. కానీ నియమానికి బెర్నూలీ పేరు ఉండాల్సింది, ఆ మాట క్లాసులో ఒక్కసారైనా చెప్పాలి.

ఆ పుస్తకంలో ఈ నియమానికి ఇచ్చిన మొదటి ఉదాహరణ ఇప్పటికీ మంచి అభ్యాసమే. అందులోని ఏ అనే స్థిరాంకం బదులు 1 పెడితే, ఎక్స్ 1కి వెళ్తున్నప్పుడు

(√(2ఎక్స్ − ఎక్స్⁴) − ∛ఎక్స్) / (1 − ∜(ఎక్స్³))

వర్గమూలం, ఘనమూలం, నాలుగో మూలం అన్నీ కలిసి ఉన్నాయి, కారణాంకాలు తీసి కొట్టేద్దామంటే దారి దొరకదు. డెరివేటివ్‌లతో అయితే పైన −1 − 1/3 = −4/3, కింద −3/4, జవాబు 16/9.

ఇక రెండూ అనంతానికి పోయే ∞/∞ రూపం. నియమం అక్కడా అదే. రుజువు కొంచెం వేరు. హారం అనంతానికి పోతే చాలు, లవం పోతుందో లేదో పట్టించుకోనక్కర్లేదన్నది అందులో తేలే ఒక విశేషం. ఎక్స్^100 / ఈ^ఎక్స్ తీసుకోండి. ఎక్స్ = 10 దగ్గర పైన ఒకటి పక్కన వంద సున్నాలు, కింద సుమారు 22,026. చూస్తే పైదే గెలిచేట్టు ఉంది, ఎక్స్ 600 దాటినా అదే ముందుంటుంది. కానీ వంద సార్లు అవకలనం చేస్తే పైన ఒక స్థిరాంకం (100 ఫ్యాక్టోరియల్) మిగులుతుంది, కింద ఈ^ఎక్స్ చెక్కుచెదరదు, కాబట్టి లిమిట్ సున్నా. నిజంగానే 647 దాటాక కిందిది ముందుకొస్తుంది, 1000 దగ్గరికి వచ్చేసరికి పైన 10^300, కింద 10^434 పైన. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన సంగతే వేరే వేషంలో: ఎన్ లాగ్ ఎన్ టైము తీసుకునే సార్టింగు ఎన్² టైము తీసుకునేదాన్ని చివరికి ఎందుకు ఓడిస్తుందంటే, నిష్పత్తి (లాగ్ ఎన్)/ఎన్, డెరివేటివ్‌లు తీస్తే 1/ఎన్, అది సున్నాకు పోతుంది.

నియమం నేరుగా పనిచేసేది ఈ రెండు రూపాల మీదే. మిగతా అయిదు, అంటే 0 × ∞, ∞ − ∞, 0^0, 1^∞, ∞^0, వీటిని ముందు భిన్నంగా మార్చుకోవాలి. లబ్ధాన్ని మార్చేటప్పుడు ఏది కిందికి దించాలన్నది ఆలోచించి చేయాల్సిన పని. ఎక్స్ కుడివైపు నుంచి సున్నాకు వస్తుంటే ఎక్స్ × లాగ్ ఎక్స్ ఎంత? (లాగ్ ఎక్స్)/(1/ఎక్స్) అని రాస్తే డెరివేటివ్‌ల నిష్పత్తి (1/ఎక్స్)/(−1/ఎక్స్²), అంటే −ఎక్స్, జవాబు సున్నా. అదే ఎక్స్/(1/లాగ్ ఎక్స్) అని రాస్తే డెరివేటివ్‌ల తర్వాత −ఎక్స్ (లాగ్ ఎక్స్)² వస్తుంది, మొదటికన్నా పెద్ద తలనొప్పి. లాగ్‌ను పైనే ఉంచండి, అవకలనం చేస్తే మాయమయ్యేది అదే.

దీంతో 0^0 కూడా తేలిపోతుంది. ఎక్స్^ఎక్స్ కి లాగ్ తీస్తే ఎక్స్ లాగ్ ఎక్స్, అది సున్నాకు పోతుంది కనుక ఎక్స్^ఎక్స్ 1కి పోతుంది, 0.1 దగ్గర 0.794, 0.01 దగ్గర 0.955, 0.001 దగ్గర 0.993. అయితే 0^0 రూపమంటే ఎప్పుడూ 1 అనుకోవద్దు. ఎక్స్^(1/లాగ్ ఎక్స్) కూడా అదే రూపం, ఎక్స్ సున్నాకు పోతుంటే ఘాతమూ సున్నాకు పోతుంది, కానీ దాని విలువ 0, 1 మధ్య ఎక్కడ చూసినా ‘ఈ’ యే, 2.718.

1^∞ మాత్రం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన చోట కనిపిస్తుంది, వడ్డీలో. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24. లక్ష రూపాయలకు బారువడ్డీ 24,000. నెలనెలా అసల్లో కలుపుతూ పోతే 1.02^12, అంటే ఏడాదికి వడ్డీ సుమారు 26,824. రోజూ కలిపితే? గంటగంటకూ కలిపితే? (1 + 0.24/ఎన్)^ఎన్ లో ఎన్ పెరిగేకొద్దీ లోపలిది 1కి దగ్గరవుతుంది, ఘాతం అనంతానికి పోతుంది. 1ని ఎన్నిసార్లు గుణించినా ఒకటే కదా అని ఒక మనసు, 1 కంటే ఎక్కువైనదాన్ని అన్నిసార్లు గుణిస్తే పేలిపోదా అని ఇంకో మనసు. లాగ్ తీసి, 1/ఎన్‌ను టి అనుకుంటే లాగ్(1 + 0.24టి)/టి, ఇది 0/0, డెరివేటివ్‌ల నిష్పత్తి 0.24/(1 + 0.24టి), విలువ 0.24. కాబట్టి లిమిట్ ఈ^0.24, లక్షకు వడ్డీ 27,125 దగ్గర ఆగుతుంది. ఎంత తరచుగా కలిపినా అప్పిచ్చినవాడికి నెలనెలా కలిపినదానికంటే మూడు వందల రూపాయలే అదనం. ఏడాదికి నూరు శాతం వడ్డీతో ఇదే ప్రశ్న 1683లో వేసుకుని, జవాబు 2కీ 3కీ మధ్య ఉంటుందని కనిపెట్టింది యాకోబ్ బెర్నూలీ, ఇందాకటి యోహాన్‌కు అన్న.

∞ − ∞ కి 1/ఎక్స్ − 1/సైన్ ఎక్స్ చూద్దాం, సున్నా దగ్గర. ఒకే భిన్నం చేస్తే (సైన్ ఎక్స్ − ఎక్స్)/(ఎక్స్ సైన్ ఎక్స్), 0/0. ఒకసారి అవకలనం: (కాస్ ఎక్స్ − 1)/(సైన్ ఎక్స్ + ఎక్స్ కాస్ ఎక్స్), మళ్ళీ 0/0. ఇంకోసారి: (−సైన్ ఎక్స్)/(2 కాస్ ఎక్స్ − ఎక్స్ సైన్ ఎక్స్). ఇక్కడ విలువ పెడితే 0/2, జవాబు సున్నా, ఆగిపోవాలి. కానీ పైన సున్నా కనిపించగానే ఊపులో ఇంకోసారి చేసేస్తే పైన −1, కింద 0 వచ్చి లిమిట్ అనంతం అనిపిస్తుంది. నేను ముందు చెప్పిన పొరపాటు ఇదే. ప్రతి మెట్టులో రూపాన్ని మళ్ళీ సరిచూడాలి, మొదటిసారి చూశాం కదా అన్నది చాలదు.

ఇప్పుడు నియమం నిస్సహాయంగా నిలబడే చోట్లు. ఎక్స్ అనంతానికి వెళ్తుంటే (ఎక్స్ + సైన్ ఎక్స్)/ఎక్స్. డెరివేటివ్‌ల నిష్పత్తి 1 + కాస్ ఎక్స్, అది 0కీ 2కీ మధ్య ఊగుతూనే ఉంటుంది, లిమిట్ లేదు. కానీ అసలు భిన్నాన్ని 1 + (సైన్ ఎక్స్)/ఎక్స్ అని విడదీస్తే చిన్నపిల్లలకైనా తెలుస్తుంది, 1. రోడ్డు ఒకవైపే అని ఇందాక అన్నది దీని గురించే. డెరివేటివ్‌లు ఊగుతుంటే “లిమిట్ లేదు” అని రాయకండి, “ఈ దారి పనిచేయలేదు” అని మాత్రమే దానర్థం.

√(ఎక్స్² + 1)/ఎక్స్ ఇంకో రకం. అవకలనం చేస్తే ఎక్స్/√(ఎక్స్² + 1), అంటే తలకిందులైన అదే భిన్నం. ఇంకోసారి చేస్తే మళ్ళీ మొదటిది. ఇలా ఎంతసేపు తిరిగినా అంతే. వర్గమూలం లోపలికి ఎక్స్‌ను పంపిస్తే √(1 + 1/ఎక్స్²), జవాబు 1, అర నిమిషం పని.

అన్నిటికంటే నాకు నచ్చింది, నిజంగా భయపెట్టేది, ఆస్ట్రియా గణితవేత్త ఒట్టో స్టోల్జ్ 1879లో చూపించిన ఉదాహరణ. ఎఫ్ = ఎక్స్ + సైన్ ఎక్స్ కాస్ ఎక్స్, జి = ఎఫ్ × ఈ^(సైన్ ఎక్స్). ఎక్స్ అనంతానికి పోతుంటే రెండూ అనంతానికే పోతాయి, రూపం ∞/∞, అంతా సవ్యంగానే ఉన్నట్టుంది. ఎఫ్ డెరివేటివ్ 2 కాస్² ఎక్స్. జి డెరివేటివ్‌లో కూడా కాస్ ఎక్స్ ఒక కారణాంకంగా బయటికొస్తుంది. రెండిట్లోనూ ఒక కాస్ ఎక్స్ కొట్టేస్తే

2 కాస్ ఎక్స్ / [ఈ^(సైన్ ఎక్స్) × (ఎక్స్ + సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ + 2 కాస్ ఎక్స్)]

పైన ఉన్నది 2 దాటదు, కింద ఎక్స్ పెరుగుతోంది, కాబట్టి సున్నా. నియమం ప్రకారం జవాబు సున్నా అని రాసేస్తాం. కానీ అసలు భిన్నం ఎఫ్/జి చూడండి, ఎఫ్ కొట్టుకుపోయి మిగిలేది ఈ^(−సైన్ ఎక్స్), అది 0.37కీ 2.72కీ మధ్య ఎప్పటికీ ఊగుతుంది, సున్నా దరిదాపుల్లోకే రాదు, దానికి లిమిట్టే లేదు. తప్పు ఎక్కడ? కాస్ ఎక్స్ కొట్టేసిన చోట. ఎంత దూరం వెళ్ళినా కాస్ ఎక్స్ మళ్ళీ మళ్ళీ సున్నా అవుతుంది, అక్కడల్లా జి డెరివేటివ్ సున్నా, అంటే హారం డెరివేటివ్ సున్నా కాకూడదన్న షరతు అనంతసార్లు విరిగింది, మనం కొట్టేసి ఆ విరుపును కనబడకుండా చేశాం. పుస్తకాల్లో చిన్న అక్షరాలతో ఉండే ఆ షరతు ఎందుకుందని అడిగే పిల్లలకు చూపించాల్సిన లెక్క ఇది.

(సైన్ ఎక్స్)/ఎక్స్ గురించి ఒక మాట. నియమం వాడితే (కాస్ ఎక్స్)/1, జవాబు 1, సరైనదే. కానీ సైన్ డెరివేటివ్ కాస్ అని రుజువు చేసేటప్పుడు మనం వాడుకున్నదే ఈ లిమిట్. అంటే జవాబును ముందే జేబులో పెట్టుకుని వెతుకుతున్నట్టు. ఆప్షన్ ఎంచుకోవడానికి ఇబ్బంది లేదు, రుజువు చేయమంటే మాత్రం ఇది రుజువు కాదు. వృత్తం గీసి వైశాల్యాలు పోల్చే పాత పద్ధతే సరైనది. ఇంటర్ బోర్డు పరీక్షకు లిమిట్లను ప్రామాణిక అవధులతోనే (ముందే రుజువు చేసుకున్న లిమిట్లతోనే) చేయమని మీ లెక్చరర్ అంటే, దాని వెనక ఇలాంటి కారణం ఉంది, మొండితనం కాదు.

చివరగా, నియమం తప్పు కాకపోయినా తెలివైన దారి కాని సందర్భాలు. సైన్ ఎక్స్ = ఎక్స్ − ఎక్స్³/6 + ఎక్స్⁵/120 − … అన్న శ్రేణి, 14వ శతాబ్దపు కేరళ గణితవేత్త మాధవుడి పరంపర మనకిచ్చినది, చేతిలో ఉంటే (సైన్ ఎక్స్ − ఎక్స్)/ఎక్స్³ చూడగానే −1/6 అని తెలిసిపోతుంది; నియమంతో మూడుసార్లు అవకలనం చేయాలి. సరళీకరించడం కూడా మర్చిపోవద్దు. (టాన్ ఎక్స్ − సైన్ ఎక్స్)/ఎక్స్³ లో టాన్ ఎక్స్‌ను బయటికి తీస్తే (టాన్ ఎక్స్/ఎక్స్) × (1 − కాస్ ఎక్స్)/ఎక్స్², జవాబు 1 × 1/2. ఇక సైన్(టాన్ ఎక్స్) − టాన్(సైన్ ఎక్స్) ను ఎక్స్⁷ తో భాగించే లెక్క ఉంది, శ్రేణులు రాస్తే ఎక్స్, ఎక్స్³, ఎక్స్⁵ పదాలన్నీ కొట్టుకుపోయి జవాబు −1/30 వస్తుంది. ఇదే లెక్కను డెరివేటివ్‌లతో చేయాలంటే ఏడుసార్లు చేయాలి, ఒక ప్రమేయం లోపల ఇంకో ప్రమేయం ఉండటంతో నాలుగోసారికే పేజీ నిండిపోతుంది. శ్రేణులతో చేస్తే సగం పేజీ. ఒకసారి కూర్చుని చేసి చూడండి, అయిదో ఘాతం కొట్టుకుపోయే చోట నిజంగా ఆశ్చర్యం వేస్తుంది.